పక్కింటి మామ్మగారు ఇచ్చిన ఏడు ఎల్పీలు

ప్రశ్న: మేం అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో ఉంటున్నాం. మా పక్కింట్లో ఎనభై దాటిన మామ్మగారు ఉండేవారు. మా పాప పుట్టినప్పుడు నెల రోజుల పాటు రోజు విడిచి రోజు ఏదో ఒకటి వండి తెచ్చిపెట్టారు. భర్త పోయాక ఒంటరిగా ఉండలేక, ఈమధ్యే ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ ఏడు ఎల్పీ రికార్డులు నా చేతిలో పెట్టి, నిదానంగా విను, విన్నాక ఫోన్‌లో మాట్లాడుకుందాం అన్నారు. ఏడూ ఒకే కుటుంబానివి. హ్యాపీ గుడ్‌మన్ ఫ్యామిలీ అని రాసుంది. సూట్‌కేస్‌లా మడిచే ప్లేయర్ ఒకటి కొని రెండు రికార్డులు విన్నాను. నిజం చెప్పాలంటే నచ్చలేదు. అన్ని పాటలూ ఒకేలా ఉన్నాయి. వాళ్లలో ఆడావిడ గొంతు కీచుగా, అరుస్తున్నట్టు ఉంది. పైగా అన్నీ యేసు పాటలు. మేం హిందువులం, అవి ఇంట్లో ఎందుకని మా అత్తగారు అంటున్నారు. కవర్ల వెనక కొన్ని పాటల పక్కన పెన్సిల్ టిక్కులున్నాయి, ఒకదానికి రెండో వైపు దాదాపు అన్ని పాటలకీ ఉన్నాయి. వచ్చే నెల ఆవిడ ఫోన్ చేస్తారు. బాగున్నాయని అబద్ధం చెప్పెయ్యనా? అసలు ఇలాంటివి ఎలా వినాలి?

సమాధానం: అబద్ధం చెప్పొద్దమ్మా. ఆ అవసరం కూడా రాదని నా నమ్మకం. ముందు మీ ప్లేయర్ సంగతి చూద్దాం. మీరు "కీచుగా" అన్న చోట నాకు అనుమానం వచ్చింది.

ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలి. చవకగా దొరికే సూట్‌కేస్ ప్లేయర్లు కొన్ని అంతకన్నా కాస్త వేగంగా తిరుగుతాయి. వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది, నిండు గొంతు కాస్తా సన్నబడిపోతుంది. ఆ రికార్డులోని పాట ఏదైనా ఫోన్‌లో దొరికితే, అదే రికార్డింగ్ అని చూసుకుని, రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. పాట సగంలోకి వచ్చేసరికి రికార్డు ముందుకు వెళ్లిపోతుంటే తప్పు ప్లేయర్‌ది. కొన్నిటికి వేగం సరిచేసే చిన్న స్క్రూ ఉంటుంది, మీవారిని చూడమనండి. సూది కొసన దుమ్ము ఉండ కట్టిందేమో కూడా చూడండి. దుమ్ము పట్టిన సూది మీద పై స్వరాలు చిట్లినట్టు వినిపిస్తాయి, మనకేమో మనిషి అరుస్తున్నట్టు ఉంటుంది. ఇంకో మాట, ఆ రికార్డులు ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. మీ ఊరి ఎండలకు అటక మీదో కారులోనో ఉంచితే వంగిపోతాయి.

ప్లేయర్ సరైనా ఆవిడ గొంతు పెద్దదే, అది నేను కాదనను. ఆవిడ పేరు వెస్టల్ గుడ్‌మన్. మీకు తెలుసో లేదో, ఆవిడ మీ దగ్గరి మనిషే. పుట్టింది మీ అలబామాలోనే, శాండ్ మౌంటెన్ మీద ఫైఫ్ అనే చిన్న ఊళ్లో, 1929లో. హంట్స్‌విల్ నుంచి కారులో గంటా గంటన్నర ప్రయాణం. మీ మామ్మగారు ఆ చుట్టుపక్కలే పెరిగినావిడైతే ఈ పాటలు ఆవిడకు అమెరికా పాటలు కావు, మా ఊరి పాటలు. వరుస కలిపి పిలిచేంత దగ్గరి పాటలు.

శాండ్ మౌంటెన్ పాటలకు పెట్టింది పేరు. అక్కడ ఒక పద్ధతి ఉంది. సంగీతం చదవడం రాని పల్లెజనానికి నేర్పడానికి ఒక్కో స్వరానికి ఒక్కో ఆకారం పెట్టారు. ఒకటి త్రికోణం, ఒకటి గుండ్రం, ఒకటి చతురస్రం. కాగితం మీద ఆకారం చూసి స్వరం పట్టుకుంటారు. కొత్త పాట ఎత్తుకున్నప్పుడు ముందు స్వరాల పేర్లు పాడి, ఆ తర్వాతే మాటలు పాడతారు. మీరు చిన్నప్పుడు సంగీతం టీచర్ దగ్గర గీతం నేర్చుకుని ఉంటే, ముందు స్వరం, తర్వాత సాహిత్యం పాడారు కదా, అదే వరస. ఊరూరా పది రోజులో రెండు వారాలో పాటల బడి పెట్టేవాళ్లు. ఆ బడులకు పుస్తకాలు అమ్మడం వ్యాపారమైంది. టెనెసీ రాష్ట్రం లారెన్స్‌బర్గ్‌లో జేమ్స్ వాన్ అనే ప్రచురణకర్త 1910లో నలుగురు గాయకులను జీతానికి పెట్టుకుని, మా పుస్తకంలో పాటలు ఇలా ఉంటాయని ఊళ్లలో పాడించాడు. సదరన్ గాస్పెల్ అని, అంటే అమెరికా దక్షిణాది క్రైస్తవ భక్తి పాట అని, ఇవాళ పిలిచే సంగీతానికి వేరు అక్కడుంది. అప్పటి చర్చి ఆవరణల్లో పొద్దస్తమానం పాటలు, మధ్యాహ్నం చెట్ల కింద బల్లలు వేసి ఇంటింటి నుంచి తెచ్చిన వంటలతో భోజనాలు. మన కార్తీక వనభోజనాలు గుర్తొస్తాయి. మీ పురిటి నెలలో మామ్మగారు గిన్నెలు మోసుకొచ్చారు చూశారూ, ఆ అలవాటూ ఈ పాటలూ ఒకే చోట పుట్టాయి.

ఇక ఈ కుటుంబం. పెద్దవాడు హోవర్డ్, హ్యాపీ అనేది అతని ముద్దుపేరు. మొదట్లో, 1940ల్లో, అక్కచెల్లెళ్లు కూడా కలిసి పాడేవారు. తర్వాత మిగిలి పేరు తెచ్చుకున్నది అన్నదమ్ములు హోవర్డ్, సామ్, రస్టీ, బాబీ. వెస్టల్ 1949లో హోవర్డ్‌ను పెళ్లాడి ఆ ఇంటికి వచ్చిన పెద్దకోడలు. మీరు అరుస్తున్నట్టుందన్న ఆ గొంతు కోడలిది. ఇది కాస్త గుర్తుపెట్టుకోండి, నేను మీకు చెప్పాలనుకున్నదంతా దీని చుట్టూనే ఉంది.

మీ ఉత్తరం వచ్చాక నేనూ వీళ్ల ఆల్బమ్‌లు రెండు మళ్లీ తీసి విన్నాను. ఒకటి ద హ్యాపీ గాస్పెల్ ఆఫ్ ద హ్యాపీ గుడ్‌మన్స్, 1969లో వీళ్లకు గ్రామీ అవార్డు తెచ్చింది. రెండోది రిఫ్రెషింగ్, సరిగ్గా పదేళ్లకు, 1979లో మళ్లీ గ్రామీ తెచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వినడం. ఇంతకు ముందు నేను వెస్టల్ కోసం మాత్రమే వినేదాన్ని, ఆవిడ పై స్వరం ఎప్పుడు అందుకుంటుందా అని ఎదురుచూసేదాన్ని. ఈసారి అన్నదమ్ములను విన్నాను. వాళ్ల గొంతులు ఒకే తానులోని గుడ్డలు. ఒకే వంటింట్లో ఒకే తల్లి మాటలు విని పెరిగినవాళ్లు ఒక అచ్చును ఎంత సాగదీయాలో, ఎక్కడ కొరికేయాలో ఎవరూ చెప్పకుండానే కలిసి చేస్తారు. బయటివాళ్లు నలుగురు ఏళ్ల తరబడి సాధన చేసినా అది రాదు. ఆ సాపైన గుడ్డ మీద కోడలి గొంతు జరీ అంచులా పైకి కనిపిస్తూ ఉంటుంది. అందులో కలిసిపోదు. కలిసిపోవాలని ఆవిడ ప్రయత్నించినట్టు కూడా ఉండదు. వాళ్లు ఆవిడకు చోటిచ్చారు, ఆవిడ ఆ చోటంతా నింపింది. ఈ జట్టు రుచి అంతా నాకు అక్కడే కనిపించింది.

అందుకే మీకు నా మొదటి సలహా, మంచి పాటలేవో ఏరుకుందామని వినకండి. మనుషులను పోల్చుకోవడానికి వినండి. పెళ్లింట్లో పక్కగదిలో మాటలు వినిపిస్తుంటే మనిషిని చూడకుండానే ఇది పెద్దమామయ్య, ఇది పిన్ని అని చెప్పేస్తాం. అలాగే ఇక్కడ కూడా. మొదటిసారి వెస్టల్‌ను పక్కన పెట్టి రస్టీని పట్టుకోండి. కింది స్థాయిలో, పట్టులాంటి గొంతు. ఈ ఇంట్లో పాటలు రాసేది అతనే. హూ యామ్ ఐ అతను రాసిందే. దాన్ని ఎల్విస్ ప్రెస్లీ 1969లో రికార్డు చేశాడు. మీ ఏడు రికార్డుల వెనక రచయితల పేర్లు చూడండి, ఆర్. గుడ్‌మన్ అనో చార్ల్స్ గుడ్‌మన్ అనో ఉంటే అది రస్టీయే. అసలు పేరు చార్ల్స్. లీవిన్ ఆన్ మై మైండ్ కూడా అతనిదే, మీ కట్టలో ఉంటే ముందు అది పెట్టుకోండి. రస్టీ మనసు తెలియాలంటే అంతకన్నా దగ్గరి దారి లేదు. సామ్‌ది అన్నదమ్ముల మధ్యలో ఉండే గొంతు, కచేరీల్లో జనంతో మాట్లాడి నవ్వించేది అతను. హోవర్డ్ పియానో దగ్గర ఉంటాడు. ముగ్గురినీ పోల్చుకోగలిగాక అప్పుడు వెస్టల్ దగ్గరికి రండి.

రెండో సలహా చిన్నది. రోజుకు ఒక్క వైపే వినండి. ఒక వైపు ఐదారు పాటలు, పదిహేను ఇరవై నిమిషాలు. తర్వాత ఆపేయండి. మీరు ఒకేసారి కూర్చుని రెండు రికార్డులు, అంటే నాలుగు వైపులు, ఇరవై పాటలు పైచిలుకు విన్నట్టున్నారు. త్యాగరాజ కీర్తనలైనా అలా వరసపెట్టి కొత్తగా వింటే ఒకేలా ఉన్నాయనిపిస్తుంది.

అన్నీ ఒకేలా ఉన్నాయన్నది మాత్రం పూర్తిగా తప్పు కాదు. ఈ పాటల కట్టడం నిజంగానే ఒకటి. చరణం, పల్లవి, చరణం, పల్లవి. పాట వెనక వాయిద్యాల మీద మారే స్వరాల కూర్పులు (కార్డ్‌లు) మూడో నాలుగో. తేడా అంతా చివర్లో ఉంటుంది. పాట అయిపోయిందనుకున్నాక పల్లవి మళ్లీ ఎత్తుకుంటారు. చాలాసార్లు శ్రుతి అర మెట్టు పైకి జరుపుతారు. అప్పుడు వెస్టల్ మొదటిసారి పాడినట్టు పాడదు. మన భజనల్లో చూడండి, రాముడి పేరు ఒకటే, బాణీ ఒకటే, కానీ పదోసారి తాళాలు జోరందుకున్నాక అదే పల్లవి వేరే పాటలా ఉంటుంది. పదోసారి చేరకుండా లేచొచ్చేస్తే భజన చూసినట్టు కాదు. కాబట్టి ప్రతి పాటలో చివరి పల్లవిని మొదటి పల్లవితో పోల్చి వినండి. ఆవిడ ఏ మాట మీద ఆగింది, ఏ మాటను సాగదీసింది, ఎక్కడ ఊపిరి తీసుకుంది.

మీకు వీలైతే ఆవిడ పాడుతుండగా వీడియోలో ఒక్కసారి చూడండి. బొద్దుగా, ఎత్తుగా కట్టిన జుట్టుతో, చేతిలో తెల్ల రుమాలుతో నిలబడుతుంది. ఆ రుమాలు ఆవిడకు గుర్తు. నేను మొదట చూసింది గుంటూరులో మా ఇంట్లో, అమెరికా నుంచి మా మేనత్త తెచ్చిన డిస్కులో. బిల్ గేథర్ అనే పాటల రచయిత 1991లో నాష్‌విల్‌లో పాతతరం గాయకులందరినీ ఒకచోట కూర్చోబెట్టి రికార్డు చేయించాడు, ఆ వరస వీడియోల్లో ఒకటి. అప్పటికి వెస్టల్‌కు అరవై దాటాయి. నాకు ఇరవై, ఆ అలంకారం చూసి టీవీ ఆపేయబోయాను. మా అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఇంగ్లిషు పాట అర్థం కాదు ఆవిడకు. వెస్టల్ కళ్లు మూసుకుని, దాదాపు మాట్లాడుతున్నట్టు కింద మొదలుపెట్టి, ఒక చోట గొంతు ఎత్తి అలాగే పట్టుకుంది. రుమాలు పట్టుకున్న చెయ్యి మెల్లగా లేచింది. "ఈవిడ ఎవర్నో పోగొట్టుకుందే" అంది అమ్మ. తర్వాత తెలిసింది, అన్నదమ్ముల్లో రస్టీ 1990లో, సామ్ 1991లో పోయారు. ఆ వీడియో ఏ నెలలో తీశారో నేను లెక్కలు వేయలేదు. అమ్మ విన్నది పాటలోనే విన్నది.

వెస్టల్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే పాట ఒకటుంది, ఐ వుడింట్ టేక్ నథింగ్ ఫర్ మై జర్నీ నౌ. మీ ఏడింటిలో అది ఉండే అవకాశం చాలా ఎక్కువ. స్కూల్లో నేర్చుకున్న ఇంగ్లిషు ప్రకారం వుడింట్, నథింగ్ లాంటి రెండు కాదనడాలు ఒకే వాక్యంలో రాకూడదు. అక్కడి పల్లెల్లో అలాగే అంటారు, కాదనడాన్ని గట్టిగా చెప్పడానికి. మన మాటలో చెప్పాలంటే, ఈ దారికి బదులు ఏమిచ్చినా నాకొద్దు. పత్తి చేల మధ్య పెరిగి, కార్లలో బస్సుల్లో రాత్రంతా ఊళ్లు తిరిగి, కెంటకీలోని మ్యాడిసన్‌విల్‌లో స్థిరపడి పాటలతో పాటు చర్చి కూడా నడిపిన మనిషి ఆ మాట అంటుంటే దాని బరువు వేరు. హోవర్డ్ కూడా పెద్దవయసులో ఇలాంటి భావంతోనే ఐ డోంట్ రిగ్రెట్ ఎ మైల్ అని రాసుకున్నాడు, నడిచిన ఒక్క మైలుకు కూడా విచారం లేదని. భార్యాభర్తలు ఏడాది తేడాలో పోయారు, అతను 2002లో, ఆవిడ 2003లో.

అత్తగారి సంగతికి వస్తాను. ఆవిడ భయం నాకు అర్థమవుతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. నేను క్రైస్తవుల ఇంట్లో పుట్టాను, హార్మోనియం మీద ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుకుంటూ పెరిగాను. మా ఇంట్లో కూడా సుప్రభాతం ఎందుకని అడిగిన పెద్దలున్నారు. నేను వాళ్లకు షేక్ చినమౌలానా గారిని గుర్తుచేసేదాన్ని. ఒంగోలు దగ్గర కరవదిలో ముస్లిం ఇంట పుట్టి, నాదస్వరం మీద త్యాగరాజ కీర్తనలు వాయించి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఆయన వాయిస్తుంటే విన్న వేలమంది ఆయన మతంలోకి మారాలనుకోలేదు, ఆయనా మారలేదు. మీ అత్తగారికి ఇదంతా చెప్పి ఒప్పించాల్సిన పని లేదు. ఒక మధ్యాహ్నం ఆవిడ కూర్చుని ఉన్నప్పుడు నెమ్మదైన పాట ఒకటి పెట్టి, మన పాప పుట్టినప్పుడు నెల రోజులు వండి తెచ్చిపెట్టిన మామ్మగారు ఇచ్చినవి అని చెప్పండి చాలు. ఇంట్లోకి వచ్చిన కోడలే ఆ ఇంటి గొంతయిందని కూడా చెప్పండి. ఆ మాటకు అత్తగారు ఏమంటారో నాకు తెలుసుకోవాలనుంది.

ఒక సంగతి చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. సదరన్ గాస్పెల్ తెల్లవాళ్ల చర్చిల్లో పెరిగిన పాట. ఈ రికార్డులు అమ్ముడవుతున్న రోజుల్లోనే మీ అలబామాలో నల్లవాళ్లు ఓటు కోసం, బస్సులో సీటు కోసం దెబ్బలు తిన్నారు. 1963లో బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల చర్చి మీద బాంబు పెడితే నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. అటు వాళ్లు కూడా అదే దేవుణ్ణి, చాలాసార్లు అవే పాటలను పాడుకుంటున్నారు, వేరే గోడల మధ్య. గుడ్‌మన్‌లు అయ్యాక స్టేపుల్ సింగర్స్ అనే నల్లవాళ్ల జట్టును వినండి. అదీ కుటుంబమే, మిసిసిపీలో పుట్టిన తండ్రి గిటార్ మీద, పిల్లలు చుట్టూ. రెండు కుటుంబాలను ఒకే వారంలో వింటే ఆ నేల గురించి మీకు పుస్తకాలు చెప్పనిది తెలుస్తుంది. ఇందుకు మామ్మగారిని ప్రశ్నించమని అనడం లేదు. మీరు అక్కడ పిల్లను పెంచుతున్నారు కాబట్టి చెబుతున్నా.

ఇప్పుడు ఫోన్. మీ ఉత్తరంలో మీరు మాట వరసకు రాసి వదిలేసిన విషయం ఒకటుంది, అదే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. ఆ పెన్సిల్ టిక్కులు. అవి ఆవిడ పెట్టినవో, పోయిన భర్త పెట్టినవో, చర్చిలో ఎవరైనా పాడటానికి ఎంచుకున్నవో మీకు తెలియదు. ఎల్పీ కవరు మీద టిక్కు పెట్టే మనిషి ఊరికే పెట్టరు. పాటలు బాగున్నాయా లేదా అని తీర్పు చెప్పే బదులు ఆ టిక్కులు ఎవరివని అడగండి. మీరు విన్నవాటిలో నిజంగా తట్టిన ఒక్క విషయం చెప్పండి. ఫలానా పాటలో రెండోసారి పల్లవి దగ్గర ఆగిపోయానని. అలాంటిదేదీ లేకపోతే, మొదట్లో నాకు పట్టుబడలేదు, మీతో కలిసి వినాలనుంది అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఎనభై దాటిన మనిషికి పొగడ్త కన్నా తోడు ఎక్కువ ఆనందం. నచ్చలేదని చెప్పినా నొచ్చుకోరు, ఎందుకు నచ్చలేదో వినడానికి చెవి ఒగ్గుతారు. కూతురి పెళ్లినాడు ఏ పాట పాడారో, భర్త సమాధి దగ్గర ఏది పాడారో మీకు చెప్పడం మొదలుపెడతారు.

ప్లేయర్ పక్కన కుర్చీ వేసుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆవిడ అడిగిన పాట ఆవిడకే వినిపించండి. కూతురింట్లో ప్లేయర్ ఉందో లేదో. ఉంటే రికార్డులు మీకు ఇచ్చేవారు కాదేమో.

ఆ రోజు పొద్దున్నే సూది తుడిచిపెట్టుకోండి. రెండో వైపంతా టిక్కులున్నాయన్నారే, ఆ రికార్డు తీసి, ఆ వైపు పైకి ఉండేలా ప్లేయర్ మీద పెట్టి ఉంచండి.